ముందు గదికి చార్టు వేయండి, తరువాత ఏసీ కొనండి

కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక తెల్లవారుజామున, నైట్ డ్యూటీ సిస్టర్లు చార్జి అప్పగించే వేళకు, 70 ఏళ్లు దాటిన ఒక అమ్మమ్మగారిని ఆటోలో మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. మాట తడబడుతోంది. కన్నకొడుకునే గుర్తు పట్టడం లేదు. ఒళ్లు పట్టుకుంటే కాలిన పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. థర్మామీటరు 105 డిగ్రీలు చూపించింది. ఎండలో ఎక్కడైనా తిరిగారా అని అడిగితే కొడుకు, "లేదు సిస్టర్, అమ్మ గడపే దాటలేదు. రాత్రి ఏసీ గదిలోనే పడుకుంది" అన్నాడు.

ఏసీ గదిలో పడుకున్న మనిషికి వడదెబ్బ ఏమిటని మేమూ మొదట ఆశ్చర్యపోయాం. మెల్లగా అడిగితే సంగతి బయటికి వచ్చింది. ఆమె గది డాబా మీద వేసిన పై గది. కప్పు ఒట్టి స్లాబు. ఏసీ కొని మూడు వారాలైంది. పగలు వేస్తే బిల్లు ఎక్కువవుతుందని రాత్రి మాత్రమే వేస్తున్నారు. రాత్రి కూడా 9 గంటలకు వేసి, 12కు ఆగిపోయేట్టు టైమరు పెడుతున్నారు. చల్లదనం పోకుండా కిటికీ సందులన్నిటికీ టేపు అంటించారు. మొదట్లో చలిగా ఉందని ఆమే ఫ్యాను ఆపేయమంది. రెండు రోజులుగా అన్నం, నీళ్లు సరిగా తీసుకోవడం లేదు. బీపీకి వాడే మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర. 12 గంటలకు ఏసీ తనకు చెప్పినట్టే ఆగిపోయింది. స్లాబుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పగలంతా తాగిన ఎండను అది తెల్లవార్లూ కిందికి దింపుతూనే ఉంది. చీకట్లో రిమోటు ఆమె చేతికి అందలేదు.

ఆమె బతికారు. వార్డులో వారం రోజులు ఉండి నడిచి ఇంటికి వెళ్లారు. డిశ్చార్జి రోజున కొడుకు అడిగిన ప్రశ్న, ప్రతి వేసవిలో ఓపీలో మమ్మల్ని కనీసం రోజుకొకరు అడిగే ప్రశ్నే. "ఇంతకీ ఏసీ ఎన్ని డిగ్రీల మీద పెట్టమంటారు సిస్టర్?"

ఒక్క అంకె చెప్పి పంపించేస్తే మాకూ సులువే. కానీ ఆ అంకె ఇంటిని బట్టి, ఆ ఇంట్లో పడుకునే మనిషిని బట్టి మారుతుంది. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాం. మన వైపు చాలామంది ఇప్పుడు తాతల నాటి ఇళ్లలో, పాత డాబాల్లో కొత్త ఏసీలు పెట్టిస్తున్నారు. కొట్టువాడు టన్నులు చెబుతాడు, స్టార్లు చెబుతాడు. మీ ఇంటి కప్పు సంగతి అతనికి తెలియదు.

వేసవి సంగతి మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ప్రతి ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేలకు పైగా వడదెబ్బ మరణాలు లెక్కకు వచ్చాయి. 2015 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 1,369 మంది చనిపోయారు. ఆ లెక్కలో ప్రకాశం, గుంటూరు జిల్లాలు పైవరుసలో ఉన్నాయి. కల్లాల్లో మిర్చి ఆరబోసేవారు, తొడిమలు తీసే ఆడవాళ్లు, ఉపాధి పనికి వెళ్లేవారు ఎండకు గురవుతారని అందరికీ తెలుసు. ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివారికి కూడా వడదెబ్బ తగులుతుందని, అదీ రాత్రిపూట తగలవచ్చని చాలామందికి తెలియదు. పగలు కాగిన ఒంటికి రాత్రి చల్లబడే అవకాశం దొరకాలి. అది వరుసగా రెండు మూడు రాత్రులు దొరకకపోతే పెద్దవయసు గుండె, మూత్రపిండాలు తట్టుకోలేవు.

ఏసీకి ఏమి తెలుసు, ఏమి తెలియదు

ఏసీలో థర్మోస్టాట్ అనే భాగం ఉంటుంది. వేడిని కనిపెట్టి, మీరు చెప్పిన డిగ్రీ రాగానే కంప్రెసరును ఆపేది లేదా నెమ్మది చేసేది అదే. మిర్చి కోల్డు స్టోరేజీలో పనిచేసినవారికి దీని సంగతి బాగా తెలుసు. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండే తిప్పుడు మీట కూడా ఆ జాతిదే. పాత కిటికీ ఏసీలకు 1 నుంచి 7 వరకో 9 వరకో అంకెలున్న మీట ఉండేది. అవి డిగ్రీలు కావు, చల్లదనం ఎక్కువ తక్కువలు మాత్రమే. ఇప్పటి ఏసీలకు రిమోటు మీద డిగ్రీలు కనిపిస్తాయి. టైమరు, స్లీప్ మోడ్, ఫోనుతో నడిపే ఏర్పాటు కూడా వచ్చాయి.

అయితే ఆ థర్మోస్టాట్‌కు వేడి తెలిసేది ఎక్కడ? గోడ మీద ఏడెనిమిది అడుగుల ఎత్తున, ఏసీ గాలి పీల్చుకునే చోట ఉన్న గింజంత సెన్సారుకు తెలుస్తుంది. అక్కడి గాలి సంగతే దానికి తెలుసు. కింద మంచం మీద ఎలా ఉందో తెలియదు. స్లాబు నుంచి దిగే సెగ అసలే తెలియదు. చలికాలం ఉదయం పొయ్యి ముందు కూర్చున్నవారికి వెనక వీపుకు చలి, ముందు ముఖానికి సెగ. గాలి ఒకటే అయినా ఒంటికి రెండు రకాలు. పై గదిలో పడుకున్న మనిషికి స్లాబు ఆ పొయ్యిలాంటిది. రిమోటులో 25 అని కనపడుతుంటే గది చల్లగా ఉందని మనం అనుకుంటాం. మంచం మీద మనిషి మాత్రం చెమట పట్టి పొర్లుతుంటాడు.

ఇక్కడే ఒక పొరపాటు కూడా సరిచేసుకుందాం. ఎండలోంచి రాగానే 16 మీద పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మా నర్సింగ్ హాస్టల్ పిల్లలూ అంతే, ఎన్నిసార్లు చెప్పినా వినరు. గది వేడిగా ఉన్నంతసేపు మామూలు ఏసీ 24 మీద పెట్టినా 16 మీద పెట్టినా ఒకే బలంతో పనిచేస్తుంది. గుంటూరులో బస్సు ఎక్కి నెల్లూరికి టిక్కెట్టు తీసుకున్నంత మాత్రాన ఒంగోలు ముందుగా రాదు కదా. ఒంగోలులో దిగడం మరిచిపోతే నెల్లూరు దాకా చార్జీ మాత్రం పడుతుంది.

ఈ ఖర్చు సంగతి చూసే, స్టారు గుర్తులు ఇచ్చే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల మీదే మొదలు కావాలని నియమం పెట్టింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని వారి లెక్క. 24 అనేది మొదలు మాత్రమే, దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంటే చాలామందికి 26, 27 హాయిగా సరిపోతాయి. మా సిస్టర్ల గదుల్లో ఇది చేసి చూశాం. మొదటి రెండు రాత్రులు సణిగారు, మూడో రాత్రి నుంచి దుప్పటి వెతుక్కున్నారు.

మూడు రాత్రుల చార్టు

వార్డులో రోగి రాగానే మేము మందు మొదలుపెట్టం. ముందు టెంపరేచరు చార్టు వేస్తాం. గదికీ అదే చేయమని మా సలహా.

మందుల షాపుల్లో, ఎలక్ట్రికల్ కొట్లలో గోడకు తగిలించే చిన్న థర్మామీటరు దొరుకుతుంది. గాలిలో తేమ ఎంత శాతమో కూడా చూపించేవి కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. దాన్ని గోడకు ఎత్తున పెట్టకండి. పడుకునే మనిషి తల ఉండే ఎత్తున, మంచం పక్క స్టూలు మీద పెట్టండి. ఏసీ గాలి, ఫ్యాను గాలి సూటిగా తగలకూడదు. ఏసీ ఇంకా కొనకపోతే ఫ్యాను మాత్రమే వేసి, ఎప్పటిలాగే పడుకోండి. మధ్యాహ్నం 3 గంటలకు, రాత్రి 10కి, ఒంటిగంటకు, తెల్లవారుజామున 4కు చూసి ఒక కాగితం మీద రాయండి. రాత్రి లేవడం కష్టమే. కానీ బాత్రూముకు లేచేవారు ఇంటికొకరు ఎలాగూ ఉంటారు, ఆ పని వారికి అప్పగించండి. 10 గంటలకు గుమ్మం బయట ఎంతుందో కూడా ఒకసారి చూడండి.

మూడు రాత్రులు రాస్తే మీ ఇంటి స్వభావం కాగితం మీద కనపడుతుంది. రాత్రి 10కి బయటికన్నా లోపలే నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా ఉందా? అయితే మీ శత్రువు బయటి గాలి కాదు, ఇంటి కప్పు. ఏసీకి పెట్టే డబ్బులో కొంత ముందు ఆ కప్పుకు పెట్టండి. డాబా మీద సున్నం కొట్టించడం మన పెద్దలు ఎరిగిన పద్ధతే, సున్నానికి పేరుపడిన పిడుగురాళ్ల మన పక్కనే ఉంది. తెల్లటి కప్పు ఎండను తిప్పి కొడుతుంది. ఇప్పుడు అదే పనికి తెల్ల రంగులు, తెల్ల టైల్సు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే 'కూల్ రూఫ్' అని ఒక విధానమే తెచ్చింది. సున్నం వర్షానికి పోతుంది గనుక ఏటా మార్చిలో మళ్లీ వేయించుకోవాలి. అంత ఖర్చు కూడా ఎందుకనుకుంటే, సాయంత్రం చీకటి పడే వేళ డాబా మీద రెండు మూడు బకెట్ల నీళ్లు చల్లండి. నీళ్లకు కరువున్న ఊళ్లలో ఇది చెప్పడానికి మాకే మనసొప్పదు, అక్కడ సున్నమే మేలు.

ఇళ్లు అన్నీ ఒకటి కావు. మా పాత నర్సుల క్వార్టర్సు మూరెడు మందం గోడలు, కర్ర దూలాల మీద ఇటుక పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు, పలనాటి నాపరాళ్ల గచ్చు. అలాంటి ఇల్లు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లబడుతుంది. మధ్యాహ్నం హాయిగా ఉంటుంది, రాత్రి మొదటి జాములో ఉక్కగా ఉంటుంది. గోడలు ఒకసారి చల్లబడ్డాక మాత్రం ఏసీ ఆపినా రెండు మూడు గంటలు ఆ చల్లదనం నిలుస్తుంది. ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు ఆగేట్టు టైమరు పెట్టుకుంటే నష్టం లేదు. అదే టైమరు ఎండ నేరుగా తగిలే నాలుగైదు అంగుళాల స్లాబు కింద పెడితే, ఏసీ ఆగిన అరగంటలో గది మళ్లీ మొదటికి వస్తుంది. ఆ అమ్మమ్మగారి గదిలో జరిగింది ఇదే. పై గదిలో పెద్దవారు పడుకుంటే ఆగే టైమరు అసలు పెట్టకండి. పడుకునే వేళకు గంట ముందే ఏసీ మొదలయ్యేట్టు టైమరు పెట్టి, 26 మీద తెల్లవార్లూ వదిలేయండి. గదిని 20 మీద మూడు గంటలు చల్లబరిచి తరువాత వదిలేయడం కన్నా ఇది ఒంటికి మంచిది. బిల్లులో తేడా కూడా మీరు భయపడినంత ఉండదు, ఎందుకంటే అర్ధరాత్రి దాటాక ఏసీకి పని తగ్గుతుంది.

పెంకుటిళ్ల సంగతి వేరు. పెంకుల సందుల్లోంచి చల్లదనమంతా పైకి పోతుంది. కింద సీలింగు వేయించకుండా అక్కడ ఏసీ పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పైగా పెంకుటిల్లు పొద్దుగూకాక తనంతట తానే త్వరగా చల్లబడుతుంది. వాకిట్లో నులకమంచం వేసుకోగలిగినవారికి ఇప్పటికీ దానికి మించిన వైద్యం లేదు, దోమతెర మాత్రం కట్టుకోండి. సిమెంటు రేకుల ఇళ్లలో పగటి వేడి భరించరానిది. అక్కడ కూడా ముందు సీలింగు, రేకుల మీద తెల్ల రంగు. తరువాతే మిగతావి.

కూలరు చాలదా అని అడుగుతారు. పలనాడు, మార్కాపురం వైపు పొడి ఎండ. అక్కడ కిటికీ తెరిచి పెట్టుకుంటే కూలరు బాగా పనిచేస్తుంది. చీరాల, బాపట్ల వైపు సముద్రపు తేమ. అక్కడ కూలరు ఇంకాస్త ఉక్క పెడుతుంది తప్ప చల్లబరచదు. తీరం వారు ఏసీలో 'డ్రై' అనే మీట నొక్కి చూడండి. తేమ తగ్గితే 27 కూడా హాయిగానే ఉంటుంది.

కొనేటప్పుడు మేము చూడమనేవి

పెద్దవారి కోసం కొంటున్నట్టయితే, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం రిమోటు. పిల్లలకు నచ్చే రిమోటు కాదు, కళ్లద్దాలు లేకుండా చీకట్లో అమ్మమ్మ వాడగలిగే రిమోటు. మీటలు పెద్దవిగా, అంకెలు వెలుగుతూ కనిపించాలి. మేము చెప్పే చిట్కా ఒకటుంది. ఆన్ మీట మీద ఎర్ర టేపు ముక్క అంటించి, రిమోటుకు తాడు కట్టి మంచం కోడుకు వేలాడదీయండి. నవ్వుతారు గానీ, ఆసుపత్రిలో కాలింగ్ బెల్లు రోగి చేతికి అందేట్టు కట్టడం లేదా?

రెండోది, కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మళ్లీ మొదలయ్యే ఏర్పాటు, ఆటో రీస్టార్ట్ అంటారు. మన ఊళ్లలో వేసవి రాత్రి కరెంటు పోవడం మామూలే. అర్ధరాత్రి పది నిమిషాలు పోయి వస్తుంది, అందరూ నిద్రలో ఉంటారు, ఏసీ మాత్రం మూగగా ఉండిపోతుంది. ఈ సదుపాయం ఉందో లేదో కొట్లోనే అడిగి, ఇంట్లో బిగించాక మెయిన్ ఆపి వేసి మీ కళ్లతో చూసుకోండి. టైమరు, డిగ్రీలు కూడా గుర్తుంచుకుంటోందో లేదో అప్పుడే తెలుస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ ఏసీని లాగలేదు. కనీసం ఆ గదిలో ఫ్యానుకు, ఒక దీపానికి దాని లైను ఇప్పించండి. కిటికీలకు టేపులు వేయకండి. సందుల్ని తెర గుడ్డతో మూయండి, అవసరమైనప్పుడు ఒక చేత్తో తెరవగలగాలి.

కొన్ని కంపెనీల రిమోటులోనే ఇంకొక సెన్సారు ఉంటుంది. ఆ మీట నొక్కితే ఏసీ తన దగ్గరి వేడిని కాక రిమోటు ఉన్నచోటి వేడిని చూసి నడుస్తుంది. మంచం మీద పడుకునే మనిషికి నిజంగా పనికొచ్చేది ఇది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది గనుక "రిమోటులో సెన్సారు ఉందా" అనే అడగండి. దీన్ని వాడేటప్పుడు రిమోటు దుప్పటి కిందకు పోకూడదు.

స్లీప్ మోడ్ గురించి: దీన్ని నొక్కితే సాధారణంగా గంటకొక డిగ్రీ చొప్పున ఒకటి రెండు డిగ్రీలు పెంచి అక్కడ నిలుపుతుంది. మందం గోడల ఇంట్లో మంచిదే. స్లాబు కింద 24 మీద మొదలుపెట్టి స్లీప్ నొక్కండి, 27 మీద మొదలుపెట్టి నొక్కకండి. కొన్నిట్లో స్లీప్ నొక్కితే కొన్ని గంటల తరువాత పూర్తిగా ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. పుస్తకం చదవండి, లేదా బిగించడానికి వచ్చిన అబ్బాయిని చదివి చెప్పమనండి.

పాత ఇంటికి ఇంకొక ప్రమాదం ఉంది, అది వైరింగు. చెక్క పట్టీల కింద పోయిన నలభై ఏళ్ల నాటి సన్నని తీగ ఫ్యానుకు, దీపాలకు వేసినది. టన్నున్నర ఏసీకి మీటరు దగ్గరి నుంచి విడిగా మందమైన రాగి తీగ, విడి ఎంసీబీ, మంచి ఎర్తింగు ఉండాలి. ఎండాకాలం ఎర్తు గుంట ఎండిపోతుంది, వారానికోసారి నీళ్లు పోయండి. వోల్టేజి ఊగిసలాడే ఊళ్లలో స్టెబిలైజరు తప్పదు. ఈ మధ్య కొందరు చవకగా అవుతుందని గోడ సాకెట్టుకు పెట్టే టైమరు ప్లగ్గుతో ఏసీని ఆపి వేస్తున్నారు. అది చేయకండి. నడుస్తున్న కంప్రెసరుకు ఒక్కసారిగా కరెంటు తీసేయడం దానికి మంచిది కాదు, ఆ ప్లగ్గులు చాలావరకు అంత బరువు మోయలేవు, కాలిపోతాయి.

మిర్చి యార్డుల దగ్గర, కల్లాల పక్కన ఇళ్లున్నవారు ఏసీలోని జాలీని రెండు వారాలకొకసారి కడగండి. మిరప ధూళి అందులో చేరితే ఏసీ వేసిన ప్రతిసారీ గదంతా దగ్గులే. ఉబ్బసం ఉన్నవారు దీనికే మా దగ్గరికి వస్తుంటారు.

బాలింత గది

దీన్ని విడిగా రాయాలనిపించింది, ఎందుకంటే ఈ విషయంలో మా మాటకన్నా ఇంట్లో పెద్దమ్మమ్మల మాటే చెల్లుతుంది. మే నెలలో కానుపైన అమ్మాయిని తలుపులు మూసి, ఫ్యాను లేకుండా, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, నీళ్లు కొలిచి ఇస్తారు. చలి సోకుతుందనే ప్రేమతోనే చేస్తారు. ఆ ఆచారం వచ్చిన రోజుల్లో గదులకు గాలి ఆడేది. ఇప్పటి మూసిన గదిలో తల్లీబిడ్డలిద్దరికీ అది ప్రమాదం. బిడ్డ ఒళ్లు వేడెక్కితే జ్వరమనుకుని తీసుకొస్తారు, రెండు గుడ్డలు తీయగానే తగ్గిపోతుంది.

నెలలు నిండి పుట్టిన, బరువు సరిగా ఉన్న బిడ్డకు 25 నుంచి 28 డిగ్రీల గది మంచిది. ఏసీ 27 మీద పెట్టండి, గాలి మంచం మీదికి సూటిగా రాకుండా రెక్కలు పైకి తిప్పండి. బిడ్డకు ఒక పలుచని చొక్కా, ఒక గుడ్డ చాలు. అరికాళ్లు చల్లబడితే ఇంకో గుడ్డ కప్పండి, మెడ వెనక చెమట పడితే ఒకటి తీయండి. నెల తక్కువ బిడ్డలు, బరువు తక్కువ బిడ్డల సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే చేయాలి, అక్కడ రిమోటు లెక్కలు పనికిరావు. తల్లి దాహమైనన్ని నీళ్లు తాగాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాం. ఏసీ కోసం మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేయకండి. బొగ్గుల నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. గాలి ఆడని గదిలో తల్లీబిడ్డలు నిద్రలోనే స్పృహ తప్పుతారు. పొగ వేయక తప్పదంటే తలుపులు, కిటికీలు బార్లా తెరిచి వేసి, కుంపటి బయట పెట్టాకే తలుపు మూయండి.

పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారికి

మన సంఘ కుటుంబాల్లో అమెరికాలో పిల్లలున్నవారు చాలామంది. అక్కడికి వెళ్లి వచ్చినవారు గోడకు ఒక చిన్న పెట్టె ఉంటుందని, ఇల్లంతటికీ అదే వేడి, చల్లదనం ఇస్తుందని చెబుతుంటారు. అది ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, 78 అంటే మన 26కు కొంచెం తక్కువ. ఆ అలవాటుతో పిల్లలు ఇక్కడ అమ్మానాన్నలకు ఫోనుతో నడిచే ఏసీ కొనిపెడుతున్నారు. మంచిదే. డల్లాస్‌లో వేసవి ఉదయం పదకొండున్నర అయితే మనకు రాత్రి 10. కొడుకు ఆఫీసులో కూర్చుని అమ్మ గది ఎంతుందో చూడగలుగుతాడు. కానీ ఒక తల్లి ఓపీలో మాతో, "అబ్బాయి అక్కడి నుంచి తగ్గిస్తాడు, నేను ఇక్కడ పెంచుకుంటాను, రాత్రంతా మా ఇద్దరికీ ఇదే పని" అంది. నవ్వినా, మాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. నడిపే అధికారం మంచం మీద ఉన్న మనిషికే ఉండాలి. దూరాన ఉన్నవారు చూస్తూ ఉండి, గది 32 దాటితే పక్కింటివారికి ఫోను చేస్తే చాలు. నెట్ పోయినా రిమోటు పనిచేసే ఏసీనే కొనండి.

ఏసీ లేనివారు ఇదంతా చదివి నిరుత్సాహపడవద్దు. ఫ్యాను, తడి గుడ్డ, కుండ నీళ్లు ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతున్నాయి. అయితే గదిలో 40 డిగ్రీలు దాటాక ఒట్టి ఫ్యాను గాలి ఒంటికి వేడినే చేరవేస్తుంది. అప్పుడు ఒళ్లు తడుపుతూ ఫ్యాను వేయాలి. లేదా ఆ మూడు నాలుగు గంటలు చల్లటి చోటికి, మందం గోడల పక్కింటికో మరెక్కడికో చేరాలి. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, మానసిక వ్యాధులకు మాత్రలు వాడేవారు, చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారు వేసవి మొదలవుతూనే ఒకసారి వచ్చి డాక్టరు గారికి కనపడండి. మాత్రలు మీ అంతట మీరు మానేయకండి.

ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట తేడాగా వస్తే అది వడదెబ్బే అనుకోండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గట్టిగా విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా తడుపుతూనే ఉండండి.

ఆ అమ్మమ్మగారు మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బీపీ చూపించుకోవడానికి వచ్చారు. వెంట మనవరాలు, ఇంటర్ చదువుతున్న పిల్ల. లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం మా ముందు పెట్టింది. గీతలు గీసి, గడులు కట్టి, అచ్చం మా వార్డు చార్టులా ఉంది. సున్నం వేయకముందు మూడు రాత్రులు, వేశాక మూడు రాత్రులు. రాత్రి 10 గంటల గడిలో ముందు 37, తరువాత 34. అమ్మమ్మ మంచం పై గది నుంచి కింద మధ్యగదికి మార్చాక అదే గడిలో 32. ఏసీ ఎక్కడ పెట్టారమ్మా అని అడిగాం. "కిందికే దింపించాం సిస్టర్. 27 మీద ఉంటుంది. రిమోటు తాడు మాత్రం మామ్మ కట్టనివ్వడం లేదు, దిండు కింద పెట్టుకుంటోంది" అంది.